అమావాస్యకు ఎత్తిపెట్టిన మూడు సంచుల రక్తం

2024వ సంవత్సరం. ధర్మపురిలో ఒక ట్రస్టు ఆసుపత్రి. కింది అంతస్తులో లిఫ్టు పక్కన రక్తనిధి ఉంటుంది. బయట బోర్డు మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద పేరే రాసి ఉంది గానీ, జనం మాత్రం "ఫ్రిజ్జు రూము" అనే అంటారు. ఆ ఫ్రిజ్జు రూములో నేను పద్నాలుగేళ్ళుగా అటెండర్ని. మొదట్లో సోగత్తూరు నుంచి సైకిలు మీద వచ్చేవాణ్ణి, ఇప్పుడు మోపెడ్ మీద వస్తున్నాను. ఉద్యోగంలో ఎదుగుదల అంటే నాకు అదే. తమిళ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తొమ్మిదికి పోవడానికి నేను సిద్ధమే, తొమ్మిదో తరగతి అయ్యవారే నాకు సిద్ధపడలేదు. తెలుగు అక్షరాలు మా పెద్దమ్మ నేర్పింది. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆమెను అడగాలి.

నా పని రెండు రకాలు. ఒకటి, ఐసు పెట్టిన డబ్బాలో రక్తపు సంచులు పెట్టుకుని ఆపరేషన్ థియేటరుకు పరుగెత్తడం. రెండు, అవసరం వచ్చినప్పుడు దాతలకు ఫోన్లు చేయడం. దాతల పేర్లు నాకు గుర్తుండవు, గ్రూపులే గుర్తుంటాయి. అందుకే నా ఫోనులో పేర్లన్నీ "బి నెగటివ్ కండక్టరు", "ఏబీ పాజిటివ్ టైలరు" అని ఉంటాయి. ఒకసారి మా ఆవిడ సరోజ ఫోను చూసి "ఈ ఓ పాజిటివ్ లత ఎవురు?" అని అడిగింది. లత వచ్చి రక్తమిచ్చిన రసీదు చూపించేదాకా నాకు అన్నం పడలేదు.

ఆపరేషనుకు రక్తం ఎలా సిద్ధం చేస్తారో కొంచెం చెప్పాలి. రోగి రక్తపు బొట్టునూ సంచిలోని రక్తపు బొట్టునూ కలిపి, రెండూ కొట్లాడుకోకుండా ఉంటాయా అని చూస్తారు. దాన్ని క్రాస్‌మ్యాచ్ అంటారు. ఒకరకంగా పెళ్ళిచూపులే. కుదిరిన సంచిని ఆ రోగి పేరు మీద మూడు రోజులు విడిగా ఎత్తిపెడతారు. అది హోల్డ్. నిశ్చయమైన సంబంధంలాగా ఇంకెవరూ అటు చూడకూడదు. చిక్కు ఎక్కడంటే, సర్జన్లు భయం కొద్దీ ఎక్కువ అడుగుతారు. గర్భసంచి ఆపరేషనుకు మూడు సంచులు అడిగి ఒకటి వాడతారు, మిగిలిన రెండూ ఊరికే ముసుగేసుకుని కూర్చుంటాయి. ఈలోగా పక్క వార్డులో నిజంగా కావలసినవాడికి "లేదు" అని చెప్పాల్సి వస్తుంది. సంచికి ఆయుష్షు ఆరు వారాలే. అటూ ఇటూ ఎత్తిపెట్టడంలోనే కొన్ని ముసలివై చెత్తబుట్టకు పోయేవి. వాటిని పారేసేది నేనే కాబట్టి ఆ బాధ నాకు బాగా తెలుసు.

ఆ సంవత్సరం మొదట్లో బెంగళూరు కంపెనీ ఒకటి సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టింది. పాత రిజిస్టర్లన్నీ దానికి మేపారు. ఏ ఆపరేషనుకు ఎంత అడిగారు, ఎంత ఎక్కించారు, రోగి వయసెంత, హిమోగ్లోబిన్ ఎంత, అన్నీ. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు మరునాటి ఆపరేషన్ల జాబితా దానికిస్తే, ఒక్కో రోగికి ఎన్ని సంచులు పడతాయో, అసలు ఆ రోగి ఆ రోజు వస్తాడో రాడో కూడా అంచనా వేసి, "ఇన్ని ఎత్తిపెట్టు, ఇన్ని వదిలెయ్యి" అని చెబుతుంది. వదిలెయ్యడాన్ని రిలీజ్ అంటారు. అబద్ధమెందుకు, మంచి పనిమంతురాలు. నేను పారేసే సంచులు తగ్గాయి. మా రక్తనిధి డాక్టరు కయల్‌విళి మేడం దాన్ని నాకంటే ఎక్కువ నమ్మేది. నాకు అసూయ లేదు. అది టీ తేలేదు కదా.

మొదటి మూడు నెలల్లో ఒక్క విషయంలో మాత్రం అది దారి తప్పింది. కొన్ని రోజులు తొమ్మిదిమంది వస్తారని చెబితే ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు. కంపెనీ నుంచి నివేదిత అనే ఇంజనీరు వచ్చింది. నెల్లూరులో పుట్టి బెంగళూరులో పనిచేస్తున్న పిల్ల. కంప్యూటరు ముందు పొద్దంతా కూర్చుని తల పట్టుకుంది.

"గోవిందన్నా, నిన్న ఆరుగురు రాలేదు. వాన లేదు, బస్సులు బంద్ లేవు. ఎందుకు రాలేదంటారు?"

"గోడ చూడమ్మా."

"గోడ మీద ఏముంది?"

"మీ మిషనుకు తెలియంది ఉండాది. దినం చింపే క్యాలెండరు. నిన్న అష్టమి. అష్టమి దినం కడుపు కోసుకునేదానికి ఎవురు వస్తారు?"

ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపి క్యాలెండరు దగ్గరికి వెళ్ళి కాగితాలు వెనక్కి తిప్పి చూసింది. జనం రాని రోజులూ అష్టమి నవమి తిథులూ ఒకదాని మీద ఒకటి అతికించినట్టు కుదిరాయి. నేను ఇంకా చెప్పుకుంటూ పోయాను. ఆడి నెలంతా, అంటే తమిళుల ఆషాఢమంతా, ఎవరూ ఆపరేషను పెట్టుకోరు, ఆడి దాటి ఆవణి నెల రాగానే అందరూ ఒక్కసారిగా వచ్చి పడతారు, క్యాలెండరులో కరినాళ్ళు అని వేసిన చెడ్డ రోజులు కొన్ని ఉంటాయి. ఆమె అన్నీ రాసుకుంది.

"మరి అమావాస్య?"

"అది మంచి దినమమ్మా. ఇక్కడ అంగడి తెరిచేది అమావాస్యకే, కొత్త మోటారు వండి కొనేది అమావాస్యకే. ఆ దినం ఎవురూ తప్పరు."

"అవునా! మా ఇంట్లో అయితే అమావాస్య రోజు గడప దాటనివ్వరన్నా."

"మీది నెల్లూరు. ఇది తమిళనాడు."

ఎనిమిదో తరగతివాడు ఇంజనీరుకు పాఠం చెబుతున్నాడని ఆ రోజు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నివేదిత సాఫ్ట్‌వేర్‌లో తిథులకు ఒక వరుస చేర్చింది. ఆ తర్వాత అంచనాలు బాగా కుదిరాయి. అమావాస్య రోజుల్లో నిజంగానే జాబితాలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ వచ్చేవాళ్ళు. మిషను ఇంకో సంగతి తనంతట తానే నేర్చుకుంది. అష్టమికి రానివాళ్ళు రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తారు. మంచి రోజున రానివాళ్ళు మాత్రం వేరే ఆసుపత్రికి పోయినట్టే, మళ్ళీ రారు.

ఇక అసలు సంగతి. ఆవణి నెల. బి. మల్లాపురం దగ్గరి పల్లె నుంచి మునెమ్మ అనే ఆమె పేరు జాబితాలోకి వచ్చింది. వయసు నలభై ఆరు, ఆవులూ మేకలూ మేపుకునే కుటుంబం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. గర్భసంచిలో గడ్డలు. నాలుగు నెలలుగా రక్తం పోతూ హిమోగ్లోబిన్ ఏడుకు దిగింది. ఆడవాళ్ళకు పన్నెండు ఉండాలి. ఆమె గ్రూపు బి నెగటివ్. వందమంది దాతలు వరుసలో నిలబడినా అందులో ఆ గ్రూపువాడు ఒకడు దొరికితే నేను వాడికి సొంత డబ్బుతో టీ ఇప్పిస్తాను. ఆపరేషను సోమవారం. ఆ సోమవారం అమావాస్య. మిషను "తప్పకుండా వస్తుంది, మూడు సంచులు ఎత్తిపెట్టు" అంది.

మా ఊళ్ళో నాకు తెలిసిన బి నెగటివ్ దాతలు ముగ్గురే: బస్సు కండక్టరు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాచ్‌మన్, టైపింగ్ నేర్పే మాస్టరు. ముగ్గురినీ శుక్రవారమే బతిమాలి పిలిపించి రక్తం తీయించాను. ఒకసారి ఇస్తే మళ్ళీ మూడు నెలలు ఇవ్వకూడదు. అంటే నా దగ్గరున్న తుపాకీ గుళ్ళు మూడూ పేల్చేశాను.

మునెమ్మ ఇంటికి ఫోను చేశాను. మగగొంతు పలికింది.

"నేను ఆమె పెద్దమామ చిన్నప్పను. చెప్పప్పా."

"ఆసుపత్రి నుంచి గోవిందప్పను మామా. సోమవారం ఆపరేషను. ఆదివారం సాయంత్రమే వచ్చి చేరాల."

"సోమవారమా? ఆ దినం అమావాస్య గదప్పా."

"అవును మామా, మంచి దినమే పెట్టినారు."

"సరే, చూస్తాము" అన్నాడు.

ఆయన తెలుగులో అడిగాడు, నేను తమిళ క్యాలెండరులోంచి జవాబు చెప్పాను. మా తెలుగు ఇళ్ళలో "చూస్తాము" అంటే ఏమిటో నాకు తెలియదా? పిల్లనడగడానికి వచ్చినవాళ్ళతోనూ, ఎద్దును అరువడిగినవాడితోనూ మేం అనేది అదే మాట. దానికి "లేదు" అని అర్థం. లేదు అనడానికి మొహమాటం, అంతే.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఆదివారమే నేను పెరియంపట్టిలో ఒక పాడి ఆవును బేరం చేసి, మరునాడు తోలుకొస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. సరోజ చెంబు పెట్టిన చోటు పెట్టినట్టే నిలబడిపోయింది.

"రేపు అమావాస్య. అమావాస్య దినం పాడిపశువును ఎవురన్నా ఇంటికి తోలుకొస్తారా? బుద్ధి ఉండాదా నీకు?"

"లేదులే, బుధవారం తోలుకొస్తాను."

ఆవు యజమానికి అప్పుడే ఫోను చేసి వాయిదా వేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా తాతముత్తాతల నుంచీ మా ఇళ్ళలో అమావాస్యకు క్షవరం కూడా చేయించుకోం. అయినా ఆ సాయంత్రం మునెమ్మ సంగతి నా తలకెక్కలేదు. ఇంట్లో ఉన్నంతసేపు తెలుగువాణ్ణి. ఖాకీ చొక్కా వేసుకుని మోపెడ్ ఎక్కితే తమిళనాడు మనిషిని. రెండు తలలకూ మధ్య రోడ్డు లేదు.

సోమవారం మంచం ఖాళీ. ఫోను చేస్తే "స్విచ్ ఆఫ్". మంగళవారం ఇంకో నర్సింగ్ హోమ్ నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లి, బి నెగటివ్. మేడం కంప్యూటరు చూసింది. మునెమ్మ పేరు పక్కన, "వారంలోగా తిరిగి వచ్చే అవకాశం తక్కువ, రిలీజ్" అని ఉంది. మేడం నా వైపు తిరిగి తమిళంలో అడిగింది.

"గోవిందప్పా, వాళ్ళు వస్తారంటావా?"

"రారు మేడం. మంచి రోజున రానివాళ్ళు ఇంకెప్పుడొస్తారు? సేలం పోయుంటారు."

రెండోసారి ఫోను చేసి ఉండొచ్చు. చేయలేదు. మూడు సంచులూ వెళ్ళిపోయాయి. ఆ తల్లి బతికింది. దాని గురించి నాకు విచారం లేదు, ఉండకూడదు కూడా.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి వాకిట్లో ఒక చిన్న లగేజీ బండి ఆగింది. అందులోంచి పదమూడుమంది దిగారు. అన్నం క్యారియర్లు, చాపలు, ఒక స్టవ్వు కూడా. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని దించిన మునెమ్మ. మొహం ఉడకబెట్టిన కోడిగుడ్డులా తెల్లగా ఉంది. రెండు మెట్లు ఎక్కేసరికి ఆయాసం. ముందు నడుస్తున్న తెల్ల మీసాలాయన నన్ను చూసి పలకరించాడు.

"ఫోను చేసింది నువ్వేనా అప్పా? వచ్చినాము. అమావాస్య పోయె, పాడ్యమి పోయె, ఈ దినం విదియ. బంగారం దొరికినా బుధవారం దొరకదు అంటారు గదా. కానియ్యండి."

"మామా, రాలేమని ఒక మాట చెప్పకూడదా?"

"చూస్తాము అని చెప్పినాను గదప్పా! నువ్వు తెలుగోడివే గదా, తెలుసుకోలేదా?"

మునెమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోశాను.

హిమోగ్లోబిన్ చూస్తే ఆరుకు కూడా తక్కువ. సర్జన్ వచ్చి చూసి, ఇక వాయిదా వేయడానికి లేదు, రేపు పొద్దున చేయాల్సిందే, కనీసం మూడు సంచులు లేకుండా మత్తు డాక్టరు ఒప్పుకోడు అని చెప్పి పోయింది. మా ఫ్రిజ్జులో బి నెగటివ్ ఒక్కటి లేదు. ఎవరికైనా పనికొచ్చే ఓ నెగటివ్ ఒక సంచి అత్యవసరానికని దాచి ఉంచుతాం. మేడం దాన్ని మునెమ్మ పేరు మీద రాసింది. ఇంకా రెండు కావాలి. కండక్టరు, వాచ్‌మన్, మాస్టరు ముగ్గురూ ఐదు రోజుల క్రితమే ఇచ్చారు. కృష్ణగిరికి ఫోను చేస్తే లేదన్నారు. హోసూరులోనూ లేదు. సేలంలో రెండు ఉన్నాయి. అవే వాళ్ళకు చివరివి, ఇవ్వం అన్నారు. మేడం ఫోను పెట్టేసి మళ్ళీ జాబితా తిరగేసింది. నన్ను రెండు మాటలు అని ఉంటే బాగుండేది.

నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. వాళ్ళు అప్పటికే చాపలు పరిచి ఇడ్లీలు పంచుకుంటున్నారు. మునెమ్మ పక్కన బక్కపలుచని మనిషి ఒకాయన ఆమె కాళ్ళు ఒత్తుతున్నాడు. మొగుడట, పేరు వెంకటప్ప. ఎవరు ఎవరికి ఏమవుతారో ఊరికే అడిగాను.

"చిన్నప్ప మామా, ఈమె నీకు మరదలా?"

"మరదలేమి, మా అక్క కూతురే. మా తమ్ముడు వెంకటప్పకు చేసుకున్నాము. వచ్చినోళ్ళంతా మా వాళ్ళే."

అప్పుడు వెలిగింది. మామూలుగా అయితే మొగుడి తరఫు వాళ్ళ రక్తానికీ పెళ్ళాం రక్తానికీ సంబంధముండదు. ఇక్కడ మొగుడే మేనమామ. అత్తింటివాళ్ళూ పుట్టింటివాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని ఒకే చట్నీ తింటున్నారు. అరుదైన గ్రూపు ఒక కుటుంబంలో ఉంటే అక్కడే ఇంకో రెండు మూడు చోట్ల ఉంటుంది. లోపలికి పరుగెత్తాను.

మేడం విని తల ఊపింది, వెంటనే అడ్డం కూడా ఊపింది. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ళ రక్తం నేరుగా ఎక్కించకూడదట. అందులోని తెల్లకణాలు ఒక్కోసారి ఎదురుతిరిగి రోగి ఒంటినే తినేస్తాయట. వాటిని చంపే మిషను మా దగ్గర లేదు.

"అయితే మేడం, వీళ్ళది సేలానికి ఇద్దాం, సేలంది మనం తీసుకుందాం. వాళ్ళ ఫ్రిజ్జు ఖాళీ కాదు, మన పని ఆగదు."

మేడం నన్ను ఒక క్షణం చూసి ఫోను ఎత్తింది. సేలం వాళ్ళు బేరం ఆడారు. రెండు సంచులకు రెండు సంచులు, పరీక్షలన్నీ అయ్యాక మరునాడు మధ్యాహ్నం లోపల చేరాలి, మేడం సంతకంతో ఉత్తరం ముందే పంపాలి. సరే అంది. ఇక ఆ ఇద్దరు బి నెగటివ్ వాళ్ళు ఆ చాప మీద ఉన్నారా లేదా అన్నదే మిగిలింది. లేకపోతే మేడం సంతకం గాలికి పోతుంది, దానితో పాటు ఇంకెన్ని పోతాయో చెప్పలేను.

మా టెక్నీషియన్ గాజుపలకలు పట్టుకుని వచ్చింది. వేలికి సూది గుచ్చి ఒక బొట్టు, దాని మీద మందు చుక్కలు, నిమిషంలో గ్రూపు తెలుస్తుంది. మునెమ్మ కాక మిగిలిన పన్నెండుమందికీ చూసింది. ఓ పాజిటివ్‌లూ బి పాజిటివ్‌లూ వరసగా వచ్చాయి. బి నెగటివ్ ముగ్గురు తేలారు: చిన్నప్ప, వెంకటప్ప, వాళ్ళ చెల్లెలు కమలమ్మ.

చిన్నప్ప అప్పటికే చొక్కా చేయి మడిచేశాడు. "ముందు నాది తియ్యి."

"మామా, నీకు వయసెంత?"

"అరవై మూడు."

"మొదటిసారి ఇచ్చేవాళ్ళకు అరవై దాటకూడదు."

"ఎవురు చెప్పింది? ఇప్పటికీ నేను మూట ఎత్తి వండిలో వేస్తాను. మీ ఆసుపత్రిలో ఒకణ్ణి రమ్మను చూస్తాం!"

"మూట కాదు మామా, సూది. రూలు."

ఆయన మడిచిన చేయి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు దించలేదు. ఆయన మీద నాకున్న కోపం అక్కడే సగం పోయింది.

కమలమ్మ గట్టిది. బరువు సరిపోయింది, హిమోగ్లోబిన్ మా మేడం కంటే ఎక్కువ. కుర్చీలో వాలి, "తొందరగా తియ్యండి, పాలు పితికే పొద్దుకు నేను ఇల్లు చేరాల" అంది. వెంకటప్పే సూదిని చూసి వణికిపోయాడు.

"నొప్పి చేస్తుందా అన్నా?"

"నీ ఆవులకు సూదులు వేయిస్తావు గదా. ఒక్క ఆవన్నా నిన్ను ఇట్ల అడిగిందా?"

"ఆవుకు నోరుంటే అడిగిండదా?"

నవ్వాడు, కళ్ళు మూసుకున్నాడు, చేయి చాచాడు. సంచి నిండుతుంటే ఒక కన్ను తెరిచి అడిగాడు.

"ఇది మునెమ్మకు పోతుంది గదా?"

"లేదు. ఇది సేలం పోతుంది."

"సేలమా! నా నెత్తురు సేలంలో ఎవురికి?"

"ఎవురో. సేలంలో ఎవురో ఇచ్చింది మునెమ్మకు వస్తుంది. నువ్వు పక్కింటికి పెరుగు తోడు ఇచ్చి, ఇంకో ఇంటి నుంచి తెచ్చుకోవా? అట్లనే."

"ఆయనది మంచి నెత్తురే గదా?"

"నీదాన్ని చూసి సేలమోళ్ళు కూడా ఇదే అడుగుతా ఉండారు."

మేడం ఉత్తరం పట్టుకుని నేనే ఆసుపత్రి బండిలో సేలం పోయి, సాయంత్రం ఐదింటికి రెండు సంచులతో తిరిగి వచ్చాను. క్రాస్‌మ్యాచ్ కుదిరింది. ఒక సంచి ఆ సాయంత్రమే ఎక్కించారు. గురువారం పొద్దున ఆపరేషను. మిగిలిన రెండూ థియేటరులో పడ్డాయి. మూడూ కావలసి వచ్చాయి. మధ్యలో ఒకసారి బీపీ పడిపోయిందని నర్సు పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బా లాక్కుపోయింది. పద్నాలుగేళ్ళలో నా చేతిలోంచి డబ్బా ఎవరూ లాక్కోలేదు, అది నా పని. ఆ గంటన్నర నేను వరండాలో చిన్నప్ప పక్కన కూర్చున్నాను. పదకొండింటికి సర్జన్ బయటికి వచ్చి, "గండం గడిచింది" అంది. పరీక్షలు ముగిసిన రెండు సంచులూ మధ్యాహ్నం సేలం చేరాయి.

ఆ సాయంత్రం నివేదితకు ఫోను చేసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"అయితే అన్నా, అమావాస్యను మంచి రోజు అని ఉంచనా, చెడ్డ రోజు అని మార్చనా?"

"తమిళోళ్ళకు మంచిది. మా తెలుగోళ్ళకు కాదు."

"సరే, రోగి ఇంటి భాష అని ఒక గడి పెడదాం."

మేడం ఒప్పుకోలేదు. రక్తం కోసం వచ్చినవాణ్ణి నీ భాషేమి అని అడిగితే, తర్వాత కులమేమి అని అడిగామనుకుంటారు, అది మన ఫారంలో ఉండకూడదు అంది. ఆమె మాట సరైనదే. మరి ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

శనివారం మునెమ్మను వార్డుకు మార్చారు. చూసి వద్దామని వెళ్ళాను. దిండుకు ఆనుకుని గంజి తాగుతూ ఉంది. మొహానికి కొంచెం రంగు వచ్చింది.

"ఎట్లుండావక్కా?"

"ఉండాను. ఫోను చేసింది నువ్వేనంట గదా?"

"నేనే. మీ చిన్నప్ప మామతో మాట్లాడినాను."

"మామతో మాట్లాడినావు. నాతో మాట్లాడలేదే."

"అమావాస్య గదా, మీ ఇంట్లో ఒప్పుకోరని ఇప్పుడు తెలిసిందక్కా. మన తెలుగోళ్ళకు అది పనికిరాదు. నాదే తప్పు."

ఆమె గ్లాసు కింద పెట్టి నన్ను వింతగా చూసింది.

"అమావాస్య మామకు. నాకేమి అమావాస్య? నాలుగు నెలలుగా పోతా ఉండే నెత్తురు అమావాస్య చూసి ఒక దినమన్నా నిలిచిందా? నన్ను ఒక మాట అడిగింటే ఆదివారం తెల్లారేసరికి వచ్చి మీ మెట్ల మీద కూర్చోనుంటాను."

"మరి ఇంట్లో చెప్పకూడదా అక్కా?"

"అడిగితే గదా చెప్పేది."

నేను తల గోక్కుని కిందికి దిగి వచ్చాను. మిషను ఆమె రావడం ఖాయమని లెక్క వేసింది. చిన్నప్ప ఆమె తరఫున వద్దనుకున్నాడు. నేను తీరిగ్గా జాతి మొత్తానికి ఒక సూత్రం కనిపెట్టాను. ముగ్గురిలో ఎవరమూ ఆమెను అడగలేదు. అడిగి ఉంటే ఒక్క ఫోను కాల్‌తో తేలిపోయే సంగతి.

నివేదితకు ఆ మాట చెబితే, భాష గడి ఆలోచన మానేసి ఇంకో గడి పెట్టింది: "రోగితో మాట్లాడారా? ఏ రోజు వస్తానన్నారు?" అది నింపకపోతే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అంచనా చెప్పదు, నోరు మూసుకుని కూర్చుంటుంది. తిథుల వరుస ఉంది, అది తీసేయలేదు. చాలామందికి అదే సరిపోతుంది కూడా. కానీ మంచి రోజున రానివాళ్ళను "పోయారు" అని రాసే ముందు నేను రెండోసారి, మూడోసారి ఫోను చేస్తాను. అరుదైన గ్రూపయితే దాతను పిలవకముందే రోగితో మాట్లాడతాను.

అది అనుకున్నంత సులువు కాదు. పల్లెల్లో రోగి దగ్గర, ముఖ్యంగా ఆడమనిషి దగ్గర, ఫోను ఉండదు. మామ దగ్గరో బావ దగ్గరో ఉంటుంది. మొన్న కూడా ఒకాయన కోప్పడ్డాడు.

"ఆమెకెందుకప్పా ఫోను? ఏముండినా నాతో చెప్పు, ఇంటికి పెద్ద నేను."

"నెత్తురు ఎక్కేది నీకైతే నీతోనే చెప్పేవాణ్ణి మామా. ఫోను ఆమెకియ్యి."